ఇనుముకు పట్టని రబ్బరు

మా షెడ్డులో పనిచేసే మనిషి చెయ్యిని మా నాన్న విరగ్గొట్టిన ఏడు నేను నందిగామలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. తొంభైల చివరి మాట ఇది.

షెడ్డు ఊరి చివర, సిమెంటు ఫ్యాక్టరీల లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉండేది. దాని వెనకే మా రెండు గదుల ఇల్లు. వాకిట్లో ఆరేసిన బట్టలు సాయంత్రానికి తెల్లగా సున్నం పట్టి ఉండేవి. ఫ్యాక్టరీల్లో సున్నపురాయిని మోసుకెళ్లే పొడవాటి రబ్బరు బెల్టులుంటాయి. ఆ బెల్టును లాగేది చివరన తిరిగే పెద్ద ఇనప డ్రమ్ము. వట్టి ఇనుము మీద బెల్టు జారిపోతుంది కాబట్టి, డ్రమ్ము చుట్టూ మందపాటి రబ్బరు షీటు అంటిస్తారు. మా నాన్న చేసే పని అదే. డ్రమ్ము మా దగ్గరకి రాగానే కంప్రెసర్ గాలితో ఇసక చిమ్మి తుప్పు రాలగొట్టేవాళ్లు. తర్వాత ఉత్త గాలితో దుమ్మంతా ఊదేవాళ్లు. ఆపైన గమ్ము రాసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక రబ్బరు వేసి, ఇనప రోలరుతో నొక్కి నొక్కి కూర్చోబెట్టేవాళ్లు.

గమ్ము కలిపే మనిషిని నేను బాబాయి అనేదాన్ని. చుట్టం కాదు. నా చిన్నప్పటి నుంచీ మా దగ్గరే పనిచేశాడు. అమ్మ ఆయన్ని తమ్ముడూ అని పిలిచేది. ఆయనది నందిగామ. గమ్ములో హార్డెనర్ అనే మందు కలిపితేనే అది గట్టిపడుతుంది. ఆ కలిపే పని నాన్న ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. బాబాయి మాట తక్కువ మనిషి. నాన్న అరుస్తున్నప్పుడు తల వంచుకుని డబ్బాలు తుడుచుకుంటూ ఉండేవాడు.

నాన్నకి చెయ్యి ముందు, నోరు తర్వాత. షీటు కొలత తప్పు చదివిందని ఒకసారి అమ్మని టేపుతో కొట్టాడు. స్టీలు టేపు. ఆమె మోచేతి కింద ఆ గీత చాలా ఏళ్లు ఉండిపోయింది. లారీ డ్రైవర్లనీ, ఇసక తెచ్చేవాళ్లనీ, ఎదురు చెప్పిన ఎవరినైనా సరే చొక్కా పట్టుకునేవాడు. ఇంట్లో మేమిద్దరం ఆయన చెప్పుల చప్పుడు వినే ఆయన ఎలా ఉన్నాడో తెలుసుకునేవాళ్లం.

ఆ ఎండాకాలం మేం రబ్బరు వేసి పంపిన ఒక డ్రమ్ము ఫ్యాక్టరీలో సరిగ్గా నిలవలేదు. బిగించి ఎక్కువ రోజులు కాకముందే షీటు ఒక అంచున లేచింది. డ్రమ్ము తిరిగినప్పుడల్లా ఆ లేచిన ముక్క కొరడాలా పక్కనున్న ఇనప చట్రానికి కొట్టుకుంటోంది. చప్పుడేంటో చూద్దామని బెల్టు దగ్గర కాపలా ఉండే మనిషి వంగాడు. అక్కడ అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీ ఎవరో విప్పి పక్కన పెట్టారట. షీటు పూర్తిగా ఊడి వచ్చి ఆయన మొహం మీద పడింది. దవడ రెండు చోట్ల విరిగింది. ముందు పళ్లన్నీ పోయాయి. నాలుక తెగింది. ఆయన కేకలు కూడా పెట్టలేకపోయాడని, నోట్లోంచి రక్తం బుడగలు వచ్చాయని చూసినవాళ్లు చెప్పారు.

కబురు విని నాన్న ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ ఇంజనీరు అందరి ముందూ నానా మాటలూ అన్నాడట. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కాలేజీకి సెలవు కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. స్కూటరు స్టాండు వెయ్యకుండానే కింద పడేసి షెడ్డులోకి నడిచాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను.

"హార్డెనర్ ఎవడికి అమ్ముకున్నావురా?" అన్నాడు బాబాయితో.

"చుక్క కూడా తగ్గించలేదండి. డబ్బాలు చూడండి, కావాలంటే."

నాన్న డబ్బాలు చూడలేదు. షీటు నొక్కే ఇనప రోలరు చేతికి అందింది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది తల మీదకి వస్తుంటే బాబాయి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. చెరుకు గడ విరిచినట్టు చప్పుడైంది. మణికట్టుకీ మోచేతికీ మధ్య ఆ చెయ్యి ఒంగకూడని చోట ఒంగింది. ఆయన కూలబడ్డాక కూడా నాన్న డొక్కలో తన్నాడు. అమ్మ పరుగెత్తుకెళ్లి మధ్యలో పడితే ఆమెను తోసేశాడు. ఆమె తల గమ్ము డ్రమ్ముకి కొట్టుకుంది. మిగతా పనివాళ్లు గోడకి అతుక్కుపోయి నిలబడ్డారు తప్ప ఒక్కరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. నా చేతులు కిటికీ ఊచల్ని వదల్లేదు.

అమ్మే ఆటో పిలిపించి బాబాయిని ఎక్కించింది. తనూ ఎక్కి నందిగామలో ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది. రెండు ఎముకలూ విరిగాయని సాయంత్రానికి తెలిసింది.

మర్నాడు ఫ్యాక్టరీలో దెబ్బ తగిలినాయన మనుషులు వచ్చారు. ట్రాక్టరు మీద కర్రలూ గడ్డపారలూ వేసుకుని వచ్చారు. నాన్న వాళ్లని చూసి గడ్డపార తీసుకోబోయాడు గానీ నలుగురైదుగురు ఒక్కసారి మీద పడి ఆయన్ని గేటు దగ్గరే పడగొట్టారు. కాళ్లతో, కర్రలతో కొట్టారు. నాన్న తిడుతూనే ఉన్నాడు. షెడ్డు రేకుల్ని కుళ్లబొడిచారు, ట్యూబులైట్లు పగలగొట్టారు, రబ్బరు చుట్టల్ని కత్తులతో కోసేశారు. దెబ్బ తగిలినాయన అన్నగారు మాత్రం ఎవర్నీ కొట్టలేదు. నేరుగా లోపలికి వెళ్లి గమ్ము పలచన చేసే సాల్వెంటు డ్రమ్మును ఒరగదోశాడు. నేలంతా తడిసిపోయింది. ఆ వాసనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

ఆ షెడ్డులో బీడీ కూడా ఎవరూ ముట్టించేవాళ్లు కాదు. ఒక్క పుల్ల గీస్తే షెడ్డూ, ఇల్లూ, గేటు దాకా ఉన్న మనుషులూ ఎవరూ మిగలరు. ఆ సంగతి ఆయనకి తెలుసో తెలియదో నాకు తెలియదు.

అమ్మ తలకి కట్టుతో లోపలికి నడిచింది. చెప్పులు లేని కాళ్లతో ఆ తడి మీదే వెళ్లి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లు సాల్వెంటు పీల్చుకుని నల్లబడ్డాయి.

"గియ్యి బాబూ," అంది. "నన్ను కూడా కలుపుకునే గియ్యి. నిన్న నందిగామ ఆస్పత్రిలో మీ తమ్ముడి మొహం చూసా నేను. నీ కడుపుమంట నాకు తెలుసు."

ఆయన అమ్మ తలకట్టు వైపూ, తడిసిన కుచ్చెళ్ల వైపూ చూశాడు. తర్వాత అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, అమ్మ పక్కనుంచి నడిచి, బయట పడి ఉన్న నాన్న మీద ఉమ్మేసి ట్రాక్టరెక్కాడు. అమ్మ లేవడానికి ప్రయత్నించి లేవలేకపోయింది. నేను వెళ్లి చంకల కింద చేతులు పెట్టి లేపాను. ఆమె కాళ్లు సాల్వెంటుకి బొబ్బలెక్కాయి.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ వాళ్లు డ్రమ్మునీ, ఊడిన షీటునీ లారీలో తెచ్చి మా గేటు ముందు పారేసిపోయారు. నాన్న పక్కటెముకలకి కట్టు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. పనివాళ్లు రావడం మానేశారు. నేను ఒక్కదాన్నే వెళ్లి ఆ షీటును చూశాను. ఎందుకు చూశానంటే, రోలరు దెబ్బకి విరిగిన ఆ చెయ్యి నా కళ్లలోంచి పోవడం లేదు. దానికి కారణం ఏదో ఒకటి నాకు కావాలి.

షీటు మీద ఒక అంచున రక్తం ఎండి నల్లగా ఉంది. తిరగేసి చూశాను. గమ్మంతా రబ్బరుకే ఉంది. ఎక్కడా చిరిగిపోలేదు, పొడిపొడి కాలేదు, గోరుతో గీకినా రాలేదు. ఇసక కొట్టిన ఇనుము మీద ఉండే సన్నని గరుకు అచ్చు గుద్దినట్టు ఆ గమ్ము మీద కనిపిస్తోంది. డ్రమ్ము వైపు చూస్తే ఇనుము కడిగినట్టు ఉంది. గమ్ము మరక కూడా లేదు.

కొన్నాళ్ల కిందటే కాలేజీలో కెమిస్ట్రీ మేడం ఉపరితల శక్తి గురించి చెప్పింది. లోహం లోపలి పరమాణువుకి చుట్టూ అన్ని వైపులా తోడుంటుంది, పైపొరలో ఉన్నదానికి ఒక వైపు ఎవరూ ఉండరు, అందుకని అది ఏది దగ్గరకొస్తే దాన్ని గట్టిగా లాక్కుంటుంది అంది. లోహాలకి ఈ లాగే గుణం చాలా ఎక్కువ. రబ్బరు, ప్లాస్టిక్ లాంటివాటికి చాలా తక్కువ. ద్రవంగా ఉన్న గమ్ము ఇనుము మీద పలచగా పరుచుకుని ప్రతి గుంటలోకీ పోతేనే గట్టిగా పట్టుకుంటుంది. శుభ్రమైన ఇనుము గమ్మును అలా పరుచుకోనిస్తుంది. కానీ గమ్ము కంటే ముందు అక్కడికి నూనె చేరిందంటే, ఇనుము ఆ నూనెనే లాక్కుని ఊరుకుంటుంది. ఇక మనం గమ్ము రాసేది ఇనుముకి కాదు, నూనెకి. చూపించడానికి ఆమె రెండు గాజు పలకలు తెచ్చింది. కడిగిన పలక మీద నీటిచుక్క పరుచుకుపోయింది. కొవ్వొత్తి రుద్దిన పలక మీద చేమాకు మీద నీళ్లలా ముత్యమై నిలబడింది. క్లాసులో అందరం పరీక్షలో వచ్చే ప్రశ్న అనుకుని రాసుకున్నాం, అంతే.

షెడ్డులో ఇంకో డ్రమ్ము ఉంది. గొడవకి ముందు ఇసక కొట్టి, గాలి ఊది ఉంచినది. దాని మీద చేత్తో నీళ్లు చిలకరించాను. చుక్కలు చుక్కలుగా నిలబడ్డాయి. వేలితో కదిపితే జారి కింద పడ్డాయి. ఒక మూల చోటు చూసుకుని కొత్త గరుకు కాగితంతో బాగా రుద్ది, మిగిలిన సాల్వెంటుతో తుడిచి, మళ్లీ కొత్త గుడ్డతో తుడిచి నీళ్లు చల్లాను. ఈసారి నీళ్లు పలచటి పొరలా పరుచుకున్నాయి. నేను ఆ రెండు చోట్లనీ మార్చి మార్చి చూశాను. ఇసక కొట్టిన ఇనుము మీదకి నూనె ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని తాకింది ఇసకా, గాలీ, అంతే. గాలి వచ్చేది కంప్రెసర్ నుంచి. ఆ ఏడాది మొదట్లో, దాని లోపలి నూనె గాలిలో కలవకుండా ఆపే రింగులు అరిగితే నాన్న పాత రింగులే తెచ్చి తనే బిగించాడు.

సాయంత్రం నాన్న మంచం దగ్గరకి వెళ్లాను. అమ్మ వద్దని సైగ చేస్తూనే ఉంది.

"గమ్ము పాడైతే గమ్మే చీలాలి నాన్నా. సగం ఇనుముకి, సగం రబ్బరుకి ఉండాలి. ఇక్కడ ఇనుముకి ఏం లేదు. గమ్ము బానే కలిపాడు బాబాయి. మన ఇనుము మీదే నూనె ఉంది."

ఆయన కూర్చునే కొట్టాడు. పక్కటెముకలు విరిగిన మనిషికి అంత బలం ఎక్కడిదో. నా కింది పెదవి పంటికి తగిలి చీలింది. చెవిలో ఈల మొదలై రెండు రోజులు పోలేదు.

"చదువుకోమని పంపితే వాడి వకాల్తా పుచ్చుకొస్తన్నావా?"

నేను ఏడవలేదు. ఏడుపు రాకపోవడం నాకే వింతగా అనిపించింది. పెదవికి చున్నీ అడ్డం పెట్టుకుని, "వచ్చి చూడండి. చూసాక ఇంకోటి కొట్టండి," అన్నాను.

ఆయన వచ్చాడు. డ్రమ్ము మీద నీళ్లు పోశాను. నిలబడిన చుక్కల్నీ, పరుచుకున్న పొరనీ చూశాడు. పక్కటెముకలు పట్టుకుని వంగి కంప్రెసర్ వేశాడు. గొట్టం ముందు తన తెల్ల తువ్వాలు పెట్టాడు. కాసేపటికి తువ్వాలు మీద చిన్న చిన్న పసుపు మచ్చలు పడ్డాయి. చూస్తుండగానే అవి కలిసిపోయి మరకైంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

తువ్వాలు కింద పడేసి, మోటారు ఆపి, ట్యాంకులో గాలి మొత్తం వదిలేశాడు. తర్వాత సమ్మెట తీసుకున్నాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన నా వైపు రాలేదు. కంప్రెసర్ తల మీద కొట్టాడు. పోత ఇనుము పెంకులై ఎగిరింది. ఒక ముక్క ఆయన పిక్కలో దిగినా ఆగలేదు. కొట్టినప్పుడల్లా పక్కటెముకల నొప్పికి గావుకేక పెట్టి మళ్లీ కొట్టాడు. సమ్మెట కర్ర విరిగిపోయాక వట్టి చేతులతో గుద్దాడు. వేళ్ల కణుపులు చిట్లి ఇనుమంతా రక్తమైంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆపలేదు. ఆయన కంప్రెసర్ పక్కనే కూలబడితే నీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని నందిగామ బస్సెక్కింది. పళ్లూ ఫలహారాలూ ఏమీ తీసుకెళ్లలేదు. బాబాయి వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. చేతికి పట్టీ ఉంది, వేళ్లు వాచి ఉన్నాయి. ఆయన భార్య మమ్మల్ని చూసి గడప మీద అడ్డంగా నిలబడింది.

"మీ ఆయన తప్పేం లేదు. గమ్ము సరిగ్గానే కలిపాడు. మా కంప్రెసర్ నూనె చిమ్మింది. ఆ మాట నీకు చెప్పి పోదామని వచ్చా," అంది అమ్మ.

"ఇప్పుడు చెప్తే ఈ చెయ్యి అతుక్కుంటదా?" అని ఆమె అమ్మ చెంప మీద కొట్టింది. ఒకసారి కాదు. అమ్మ తలకట్టు ఊడి భుజం మీద పడింది. నేను ముందుకి వెళ్లబోతే అమ్మ వెనక్కి తోసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోడల మీదుగా చూస్తున్నారు. బాబాయి మంచం మీదనుంచి, "ఊరుకోవే. కొట్టింది ఆయన. ఈవిడ కాదు," అన్నాడు. ఆమె అప్పుడు ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. బాబాయి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మేం వచ్చేశాం.

బస్టాండుకి వచ్చాక జగ్గయ్యపేట బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. అమ్మ ఎక్కలేదు. ఆమె అక్క ఇల్లు నందిగామలోనే. అక్కడికి నడిచింది. పెద్దమ్మ తలుపు తీసి అమ్మ మొహం, నా పెదవి చూసింది. పొయ్యి మీద ఎసరులో ఇంకో సోలెడు బియ్యం పోసింది.

నాన్న కట్టు విప్పాక వచ్చాడు. ఇంటి ముందు నిలబడి పదమన్నాడు. అమ్మ అరుగు మీదనుంచి దిగలేదు. చెయ్యి విరిగిన తమ్ముడింటికి వెళ్లి, వాళ్ల మనుషులందరి ముందూ తప్పు మీదేనని మీ నోటితో చెప్పిరండి, అప్పుడొస్తా అంది. పెళ్లయ్యాక ఆయనతో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు. ఆయన మెట్లెక్కి చెయ్యెత్తాడు. ఆ చేతిని నేను మణికట్టు దగ్గర పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నా ఆపడం నా వల్ల కాలేదు. ఆయన విదిలిస్తే మెట్ల మీద పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. లేచి మళ్లీ పట్టుకున్నాను. ఈసారి పళ్లతో కూడా పట్టుకున్నాను. ఆయన నా జుట్టు పట్టుకుని లాగుతుండగా పెద్దమ్మ రోకలి పట్టుకుని బయటికొచ్చింది.

"ఇంకొక్క మెట్టు ఎక్కితే తల పగలగొడతా మరిదీ. జైలుకి నేనే పోతా."

ఆమె అన్నంత పనీ చేసే మనిషని ఆయనకి తెలుసు. నా జుట్టు వదిలాడు. మణికట్టు మీద నా పళ్ల గుర్తులు చూసుకుంటూ వీధి చివరిదాకా నడిచి వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. బాబాయి భార్య చెప్పగా విన్నాను. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు నాన్న వాళ్లింటికి వెళ్లాడట. ఆమె అన్నదమ్ములు అక్కడే ఉన్నారట. గమ్ములో తప్పు లేదు, తప్పు నాదే అన్నాడట. వాళ్లు మాట పూర్తిగా విన్నారో లేదో తెలియదు, బురదలో పడేసి కొట్టారట. నాన్న చెయ్యెత్తలేదట. బాబాయి మంచం మీద కూర్చుని చూస్తూనే ఉండి, బాగా ఆలస్యంగా, ఇక చాలన్నాడట. మళ్లీ పనిలోకి రమ్మని నాన్న అడిగితే రానన్నాడట.

బాబాయి రాలేదు. చెయ్యి వంకరగానే అతుక్కుంది. బరువులు ఎత్తలేకపోయేవాడు. హైవే మీద చిన్న పంచర్ షాపు పెట్టుకున్నాడు. దవడ విరిగినాయనకి ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గర పని ఇచ్చారు. మాటలు స్పష్టంగా వచ్చేవి కావు. నాన్న ఒకసారి పలకరించబోతే మొహం తిప్పుకున్నాడని తెలిసింది.

నాన్న తప్పు ఒప్పుకొచ్చినా అమ్మ వెంటనే జగ్గయ్యపేట వెళ్లలేదు. నా పరీక్షలయ్యేదాకా ఉండి వెళ్లింది. నాన్న మనిషి మారిపోయాడని చెప్తే అబద్ధమవుతుంది. అమ్మ మీద మాత్రం ఆ తర్వాత చెయ్యి పడలేదు. కోపం వస్తే షెడ్డులోకి పోయి రేకుల్ని తన్నేవాడు. ఆ చప్పుడు వింటే అమ్మ చేస్తున్న పని ఆపి అలాగే కూర్చునేది. దెబ్బ తన మీద పడదని తెలిసినా ఒళ్లు బిగుసుకుపోయేదని నాతో ఒకసారి అంది.

రెండువేల సంవత్సరం దాటాక నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్లి నందిగామలోనే చేశారు. బాబాయి ఇంటికి కార్డు అమ్మే స్వయంగా ఇచ్చి వచ్చింది. ఆయన రాలేదు. ఆయన భార్య ఒక్కతే వచ్చింది, ముదురాకుపచ్చ చీర కట్టుకుని. నాకు అక్షింతలు వేసి, తల మీద చెయ్యి పెట్టింది. భోజనాల దగ్గర అమ్మ వెళ్లి ఆమె పక్క విస్తరి ముందే కూర్చుంది. ఇద్దరూ కరెంటు కోతల గురించి, మునగకాయల ధర గురించి మాట్లాడుకున్నారు. అమ్మ ఆమె విస్తట్లో పెరుగు తనే వేసింది. నాన్న వడ్డనలు చూస్తూ అటు వచ్చి, ఆమెని చూసి ఆగిపోయాడు. గరిటె పక్కవాళ్ల చేతికిచ్చి వంటల షామియానా వైపు వెళ్లిపోయాడు. ఆమె చెయ్యి కడుక్కుని, తాంబూలం తీసుకుని ఆటో ఎక్కేదాకా ఆ పొయ్యిల దగ్గరే నిలబడి ఉన్నాడు.